రికార్డు తెగకుండా భూకంప స్టేషన్లను కొత్తగా మార్చడం: బెంగళూరు బల్ల మీద నుంచి ప్రపంచ నెట్‌వర్క్ నడిపేవాళ్లకు

1960ల్లో ప్రపంచవ్యాప్త ప్రామాణిక సీస్మోగ్రాఫ్ నెట్‌వర్క్ పెట్టినప్పుడు సుమారు 120 స్టేషన్లకు ఒకే రకం పరికరాలు ఇచ్చారు. మన కొడైకెనాల్ అందులో ఒకటి. రోజుకు ఆరు ఫొటో కాగితాలు తిరిగేవి. మూడు దగ్గరి కదలికలకు, మూడు దూరపు అలలకు. ఆ కాగితాలు ఈనాటికీ పనికొస్తున్నాయంటే కారణం ఒక్కటే. గడియారం ఎంత తప్పిందో, పరికరం కదలికను ఎన్ని రెట్లు పెంచి చూపిందో ఏ రోజుకారోజు రాసిపెట్టారు. 1967 ఒంగోలు, 1969 భద్రాచలం భూకంపాలను ఇవాళ మళ్లీ లెక్కగట్టాలన్నా ఆ కాలపు రికార్డులే దిక్కు.

స్టేషన్లను కొత్తగా మార్చేటప్పుడు మొదట గుర్తుండాల్సింది ఇదే. కొత్త సెన్సర్ డబ్బు పెడితే వస్తుంది, తెగిన రికార్డు మాత్రం తిరిగి రాదు. అందుకే కింది పనుల వరుస కొనుగోలుతో మొదలవదు.

1. మార్చేముందు కొలవండి

ప్రతి స్టేషన్ నుంచి కనీసం ఏడాది డేటా తీసి శబ్దం కొలవండి. ఇక్కడ శబ్దం అంటే భూకంపం లేనప్పుడు కూడా నేలలో ఉండే కదలిక. అబ్‌స్పై అనే ఉచిత పైథాన్ ప్యాకేజీతో గంట గంటకూ స్పెక్ట్రం (ఏ వేగపు ఊపు ఎంత ఉందో చూపే గీత) తీసి ఒకదానిమీద ఒకటి పేర్చవచ్చు. భూకంప శాస్త్రవేత్త పీటర్సన్ 1993లో ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ శబ్ద రేఖల మధ్య మీ స్టేషన్ ఎక్కడ పడుతుందో చూడండి.

ఆ చిత్రంలో జబ్బు పేరు రాసే ఉంటుంది. 1 నుంచి 10 హెర్ట్జ్ మధ్య పగలు పెరిగి రాత్రి తగ్గుతుంటే అది మనుషుల అలికిడి: బస్సులు, మోటార్లు, క్రషర్లు. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతటా పడిపోయింది ఈ భాగమే. ఒక్కో ఊపుకు 5 నుంచి 8 సెకన్లు పట్టే చోట, మళ్లీ 15 సెకన్ల దగ్గర ఉండే గుట్టలు సముద్రపు అలలవి. బంగాళాఖాతంలో తుపాను ఉన్నప్పుడు ఇవి పైకి లేస్తే కంగారుపడి సెన్సర్ మార్చకండి, అది సెన్సర్ బాగుందనడానికి రుజువు. ఆ గుట్టలు అసలు కనిపించకుండా గీత చదునుగా ఉంటేనే సెన్సర్ చచ్చిపోయిందని అర్థం. 30 సెకన్ల పైన అడ్డ దిశల్లో మాత్రమే శబ్దం ఎక్కువుంటే సెన్సర్ కింది గచ్చు దిమ్మె ఒరుగుతోంది, లేదా లోపల గాలి తిరుగుతోంది. దానికి కొత్త సెన్సర్ కొన్నా మందు కాదు.

2. చోటు

బెంగళూరు ఈ విషయంలో అదృష్టవంతురాలు. లాల్‌బాగ్ గుట్ట మీద కనిపించే ద్వీపకల్ప నైస్ శిల సుమారు 300 కోట్ల ఏళ్లనాటిది, సెన్సర్‌కు అంతకంటే మంచి పీట దొరకదు. గౌరిబిదనూరులో భాభా అణు పరిశోధన కేంద్రం 1960ల నుంచి నడిపిన సెన్సర్ల వరుస ఇలాంటి గట్టి శిల మీదే ఉంది. చెన్నైలో పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర చార్నొకైట్ బండ పైకి తేలి ఉంటుంది గానీ తీరం వైపు వెళ్లేకొద్దీ ఇసుక, బంకమట్టి. మెత్తటి నేల అలను ఉబ్బించి చూపిస్తుంది, పక్కనే లారీ పోయినా ఊగుతుంది.

పరుపు బండ పైకి కనిపించే చోటు వెతకండి. పెద్ద రోడ్డుకు ఒక కిలోమీటరు, రైలు పట్టాలకు అంతకు నాలుగైదు రెట్లు దూరం జరగగలిగితే మంచిది. పొడవాటి చెట్లు, సెల్ టవర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకులు గాలికి ఊగి నేలను ఊపుతాయి కాబట్టి వాటికి వాటి ఎత్తుకు కొన్ని రెట్ల దూరం ఉండండి. రైతుల బోరు మోటార్లు ఎప్పుడు వేస్తారో అడగండి. మూడు ఫేజుల కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు మీ శబ్దం పెరుగుతుంది. ఎంచుకున్నాక పోర్టబుల్ సెన్సర్‌తో వారం పది రోజులు పరీక్షించి గానీ పునాది తవ్వకండి.

3. దిమ్మె వేయడమా, బోరు దించడమా

దిమ్మె వేస్తే బండ మీది మొరం అంతా గీకి, కడిగి, గచ్చు నేరుగా బండకే అతకాలి. సిమెంటు ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్లు. కంకర వద్దు, ఇనుప కడ్డీలు అసలే వద్దు. మేస్త్రీలకు ఇది నచ్చదు, కడ్డీ లేకుండా గచ్చు నిలవదంటారు. ఈ దిమ్మె బరువు మోయడానికి కాదని, ఇనుము వేడికి వేరుగా సాగి లోపల సన్నటి ఒత్తిడి పుట్టిస్తుందని ముందే చెప్పి ఒప్పించండి. పోసేటప్పుడు గాలి బుడగలు పోయేలా కడ్డీతో బాగా పొడవాలి. దిమ్మెకూ గది గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి, లేకపోతే గాలికి గోడ ఊగినదంతా దిమ్మెకు ఎక్కుతుంది. 28 రోజులు తడపండి. ఆరుతున్న గచ్చు మీద సెన్సర్ పెడితే వారాల తరబడి ఒరుగుతూనే ఉంటుంది. పైన నున్నటి గ్రానైట్ పలక అతికిస్తే సెన్సర్ కాళ్లు సమంగా కూర్చుంటాయి, రసమట్టం సరిగ్గా కుదురుతుంది.

సెన్సర్ చుట్టూ ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. పైన థర్మాకోల్ పెట్టె బోర్లించి, లోపలి ఖాళీలో గాలి తిరగకుండా దూది లాంటి తేలికపాటి పదార్థం నింపి, అంచులు సీల్ చేయండి. సిలికా జెల్ సంచి లోపల ఉంచి వెళ్లినప్పుడల్లా మార్చండి. ఈ ఒక్క పని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో ప్రపంచ సీస్మోగ్రాఫిక్ నెట్‌వర్క్‌లోనే తేలింది. దశాబ్దాలుగా భూమి మీద అతి మెల్లని కదలికలకు కొలమానంగా నిలిచిన ఎస్‌టీఎస్-1 సెన్సర్లలో కొన్నిటి కనెక్టర్లలోకి, ఎలక్ట్రానిక్స్ పెట్టెల్లోకి తేమ చేరి వాటి స్పందన (ఎంత కదలికకు ఎంత సంకేతం ఇస్తుందన్నది) నెమ్మదిగా మారిపోయింది. పైకి గీత బాగానే కనిపిస్తుంది, కొలత మాత్రం తప్పు. పూర్తిగా ఆగిపోయిన స్టేషన్ కంటే ఇదే ప్రమాదకరం.

మన ప్రాంతంలో బోరు మార్గం కూడా చవకే, ఎందుకంటే బోరు బండ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. మామూలు ఆరున్నర అంగుళాల రంధ్రం చాలా పోస్ట్‌హోల్ (బోరులో దించే) సెన్సర్లకు సరిపోతుంది, కొనేముందు సెన్సర్ వ్యాసం మాత్రం చూసుకోండి. నీళ్ల కోసం తవ్వేవాళ్లకు రంధ్రం కాస్త వంకరగా దిగినా పట్టింపు ఉండదు, మనకు ఉంటుంది. కాబట్టి మొదటి పది అడుగుల్లోనే రిగ్గు నిలువు సరిచూడండి. కేసింగ్ గట్టి బండలోకి దిగాక చుట్టూ సిమెంటు పాలు పోసి బిగించండి, అడుగు మూయండి. సెన్సర్‌ను దించాక చుట్టూ పొడి ఇసుక పోస్తే అటూ ఇటూ కదలదు. నాలుగు మీటర్లు దిగినా గాలి, ఎండ వల్ల వచ్చే ఒరుగుడు చాలా మటుకు తగ్గుతుంది. ఈనాడు కొత్తగా పెట్టే స్టేషన్‌కైతే బోరే మేలన్నది మా అభిప్రాయం.

సెన్సర్‌ను తిప్పిపెట్టాల్సిన ఉత్తర దిక్కు దిక్సూచితో చూడాల్సి వస్తే ఇనుప తలుపులు, కేసింగ్ గొట్టాల దగ్గర చూడకండి. బయట గీత గీసి లోపలికి తాడుతో తెచ్చుకోండి, అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా సరిచేయండి. బోరులో దించినదానికి దిక్కు మన చేతిలో ఉండదు. అప్పుడు ఛానెల్ పేర్లలో ఉత్తరం, తూర్పు అని రాయకుండా 1, 2 అని రాసి, అసలు కోణం మెటాడేటాలో (స్టేషన్ వివరాల ఫైలులో) ఇవ్వండి. 5 డిగ్రీలు దాటి తప్పితే ఇదే నియమం.

4. కరెంటు లెక్క

స్టేషన్లు ఆగడానికి మొదటి కారణం కరెంటు. సెన్సర్, దాని సంకేతాన్ని అంకెలుగా మార్చే డిజిటైజర్, మోడెమ్ కలిపి 6 వాట్లు అనుకుందాం. రోజుకు 144 వాట్-గంటలు, 12 వోల్టుల దగ్గర 12 ఆంపియర్-గంటలు. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల్లో సూర్యుడు మొహం చాటేసే రోజులు వరుసగా వస్తాయి. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2016 డిసెంబరు వర్దా తుపానప్పుడు కరెంటు ఎన్ని రోజులు రాలేదో అక్కడివాళ్లకు గుర్తే. అందుకని ఐదు రోజులకు లెక్క వేయండి: 60 ఆంపియర్-గంటలు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 120 కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం వాడొచ్చు, 75 చాలు, మార్కెట్లో 100 తీసుకోండి.

ప్యానెల్‌కు మబ్బు రోజుల్లో మంచి ఎండ 3 గంటలే అనుకోండి. దుమ్ము, వేడి, వైరు నష్టాలు పోను 65 శాతం అందుతుంది. 144ను 3తోనూ 0.65తోనూ భాగిస్తే 74 వాట్లు. ఇది రోజువారీ ఖర్చుకే సరిపోతుంది, ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండాలంటే రెండింతలు, అంటే 150 వాట్లు పెట్టాలి. ఈ రెండింతల సంగతి మర్చిపోయిన స్టేషన్లు తుపాను మొదటి దెబ్బకు తట్టుకుని రెండో దెబ్బకు పడిపోతాయి. ఐస్‌లాండ్, అలాస్కా స్టేషన్లకు ఇదే లెక్క చలికాలపు పగటి గంటలతో వేసుకోవాలి.

వోల్టేజి పడిపోతే ముందు మోడెమ్ ఆగి, సెన్సర్, డిజిటైజర్ చివరిదాకా నడిచేలా కట్-ఆఫ్‌లు పెట్టండి. డేటా లోపలి కార్డులో ఉంటే తర్వాత తెచ్చుకోవచ్చు.

5. పిడుగు

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల వానలే డిజిటైజర్లను ఎక్కువగా కాలుస్తాయి. పిడుగు నేరుగా పడక్కర్లేదు. రెండు చోట్ల ఎర్తింగ్ ఉంటే ఆ రెండింటి మధ్య వోల్టేజి తేడాయే మీ కేబుల్ గుండా పారుతుంది. కాబట్టి ప్యానెల్ ఫ్రేమ్, జీపీఎస్ స్తంభం, డిజిటైజర్, అధిక వోల్టేజిని నేలకు మళ్లించే సర్జ్ అరెస్టర్లు అన్నీ ఒకే ఎర్త్ పట్టీకి కలపండి. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండాలి. బండ నేలలో ఇది తేలిగ్గా రాదు. బండ లేని వైపు మట్టిలోకి పొడవాటి రాగి పట్టీ పరవాలి, ఎండాకాలంలో మళ్లీ కొలవాలి. వానాకాలంలో 4 చూపిన గుంత మేలో 15 చూపించవచ్చు. మోడెమ్ ఉన్న గదికి డేటా ఆప్టికల్ ఫైబర్‌లో పంపితే ఆ దారిన వచ్చే పిడుగు బాధ తప్పుతుంది.

6. సెన్సర్, డిజిటైజర్ జత

ఇక్కడ ఒక్క గుణకారం మనసులో ఉంచుకోవాలి. ఎస్‌టీఎస్-2 తరగతి సెన్సర్, నేల సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే 1500 వోల్టులు ఇచ్చే నిష్పత్తిలో ఉంటుంది. 24 బిట్ల డిజిటైజర్ 40 వోల్టుల మొత్తం పరిధికి ఒక్కో వోల్టును సుమారు 4,19,430 కౌంట్లుగా మారుస్తుంది. రెండూ గుణిస్తే సెకనుకు మీటరుకు దాదాపు 63 కోట్ల కౌంట్లు. ఒక్క కౌంటు అంటే సెకనుకు 1.6 నానోమీటర్ల కదలిక. పై హద్దు 20 వోల్టులు కాబట్టి సెకనుకు 13 మిల్లీమీటర్లు దాటితే గీత తల తెగుతుంది. దగ్గర్లో పెద్ద భూకంపం వచ్చే చోట పక్కనే బలమైన కుదుపునూ కొలవగల ఒక యాక్సిలరోమీటర్ ఎందుకు పెట్టాలో ఇదే చెబుతుంది.

తరచుగా జరిగే తప్పు వైరింగ్‌లో ఉంటుంది. సెన్సర్ సంకేతాన్ని రెండు తీగల మధ్య తేడాగా ఇచ్చే డిఫరెన్షియల్ అవుట్‌పుట్‌లో, ఆ రెండు తీగల్లో ఒకటే కలిపితే సంకేతం సగమవుతుంది. గీత చూసి ఎవరూ కనిపెట్టలేరు, భూకంప తీవ్రత మాత్రం 0.3 తక్కువ వస్తుంది. 5.5 కాస్తా 5.2 అవుతుంది. తీగలు తారుమారైతే ధ్రువం తిరగబడి, మొదటి కదలిక పైకా కిందికా అన్నది తలకిందులవుతుంది. పగులు ఏ దిశలో జారిందో లెక్కగట్టేవాళ్లు దాంతో మోసపోతారు.

పంపేముందు మూడు సెన్సర్లను ఒకే దిమ్మె మీద పక్కపక్కన పెట్టి కొన్ని రాత్రులు నడపండి. నేల ముగ్గురికీ ఒక్కటే కాబట్టి తేడా ఉన్నది సెన్సర్ సొంత శబ్దమే. రవాణాకు మాస్ (సెన్సర్ లోపల వేలాడే బరువు) లాక్ ఉన్నవాటికి లాక్ వేయండి, కంపెనీ పెట్టె పారేయకండి.

7. కాలం

పైపొర కింద మాంటిల్‌లో మొదటి అల సెకనుకు 8 కిలోమీటర్లు పోతుంది. గడియారం ఒక్క సెకను తప్పితే ఆ స్టేషన్ దృష్టిలో భూకంపం 8 కిలోమీటర్లు జరిగినట్టే. జీపీఎస్ కాలం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) కంటే 18 సెకన్లు ముందుంటుంది, 2016 డిసెంబరు 31న చేర్చిన లీప్ సెకనుతో కలిపి. రిసీవర్ చాలాసేపు ఆగి కొత్తగా మొదలైనప్పుడు ఉపగ్రహాల నుంచి ఆ సవరణ అందడానికి పన్నెండు నిమిషాల పైన పట్టవచ్చు. ఈలోగా సవరించని కాలం ముద్రపడితే 140 కిలోమీటర్ల పైన తప్పు. గడియార నాణ్యత సూచిక పూర్తి స్థాయికి రాని డేటాను స్వయంచాలక లెక్కలోకి రానివ్వకండి.

జీపీఎస్ వారాల లెక్క 1024కు చేరగానే సున్నాకు తిరుగుతుంది. 2019 ఏప్రిల్ 6న తిరిగింది, మళ్లీ 2038 నవంబరు 20న తిరుగుతుంది. పాత రిసీవర్లు అలాంటప్పుడు తేదీని దాదాపు 19.6 ఏళ్లు వెనక్కి తోస్తాయి. ఆర్కైవ్‌లో పాత సంవత్సరం కింద కొత్త డేటా కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

8. డేటా దారి

మూడు ఛానెళ్లు, సెకనుకు 100 నమూనాలు అంటే రోజుకు సుమారు 2.6 కోట్ల సంఖ్యలు. స్టీమ్ (Steim) అనే పద్ధతిలో కుదించాక 30 నుంచి 40 మెగాబైట్లు. ముప్పై స్టేషన్లకు ఏడాదికి 450 గిగాబైట్ల లోపే, నిల్వ సమస్యే కాదు. మినీసీడ్ అనే ఫైలు రూపంలో, సీడ్‌లింక్ అనే పంపే పద్ధతి ద్వారా, వీలైతే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లతో పంపండి. లింకు తెగినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ అందుకునేంత బఫర్ స్టేషన్‌లో ఉండాలి, రెండు వారాలైనా. కేంద్రంలో డేటా అందుకుని భూకంపాలు లెక్కగట్టే సైస్‌కాంప్ లేదా ఎర్త్‌వార్మ్ సాఫ్ట్‌వేర్, ఏది మీ జట్టుకు చేతనైతే అది.

9. మెటాడేటా, జంట నడక

పాత సెన్సర్ తీసి అదే చోట కొత్తది పెట్టి అదే పేరుతో నడపడం చాలా చోట్ల జరిగే పని. అది చేయకండి. పాతది లొకేషన్ కోడ్ (ఒకే స్టేషన్‌లోని సెన్సర్లను వేరుచేసే అంకె) 00గా ఉంటే కొత్తదాన్ని 10గా పక్కన పెట్టి కనీసం ఆరు నెలలు రెండూ నడపండి. ఎండా, వానా రెండూ రావాలి. దూరపు పెద్ద భూకంపాలు రెండిటిలోనూ పడ్డాక, స్పందన తొలగించి నేల కదలికగా మార్చి, ఒకదానితో ఒకటి భాగించి చూడండి. నిష్పత్తి అన్ని ఆవర్తనాల్లోనూ ఒకటికి దగ్గరగా ఉండాలి. ఎక్కడ వంగితే అక్కడ ఎవరిదో ఒకరి స్పందన తప్పు, చాలాసార్లు అది పాతదే. అప్పుడు పాత డేటాకు దిద్దుబాటు దొరికినట్టే, అంతకు మించిన లాభం ఈ పనిలో లేదు.

చంద్రుడు, సూర్యుడి ఆకర్షణకు నేల పొంగి రోజుకు రెండుసార్లు వచ్చే భూమి పోటు కూడా ఉచితంగా దొరికే తనిఖీ. చాలా మెల్లని కదలికలు నమోదుచేసే సెన్సర్లకు దాని పరిమాణం లెక్కతో సరిపోవాలి.

స్టేషన్‌ఎక్స్‌ఎంఎల్ అనే మెటాడేటా ఫైలులో ప్రతి మార్పుకూ కొత్త ఎపోక్ (మొదలు, ముగింపు తేదీలున్న భాగం) తెరవండి: సెన్సర్, కేబుల్, డిజిటైజర్ ఫర్మ్‌వేర్, గెయిన్, లోతు, కోణం. ఫర్మ్‌వేర్ మారితే ఫిల్టర్ మారవచ్చు, ఫిల్టర్ మారితే కాలం జరగవచ్చు. చిన్నదని వదిలేయకండి.

10. రోజువారీ కాపలా

పొద్దున్నే ప్రతి స్టేషన్‌కు ఐదు అంకెలు చూడండి: ఎంత ఆలస్యంగా వస్తోంది, ఎన్ని ఖాళీలు, మాస్ స్థానం, బ్యాటరీ వోల్టేజి, గడియార నాణ్యత. మాస్ తన పరిధిలో సగం దాటితే దూరం నుంచే దాన్ని మధ్యకు తెచ్చే సెంటరింగ్ ఆదేశం ఇవ్వండి, కానీ పెద్ద భూకంపం నడుస్తున్నప్పుడు మాత్రం వద్దు. బ్యాటరీ రాత్రి కనిష్ఠ వోల్టేజి వారానికి కొంచెం కొంచెం దిగుతుంటే ప్యానెల్ మీద దుమ్ము పట్టింది, లేదా కొమ్మ నీడ పడుతోంది. యూటీసీ రోజు మనకు ఉదయం 5:30కు మారుతుంది. ఆర్కైవ్ ఫైళ్లు సంవత్సరంలో ఎన్నో రోజో అన్న లెక్కతో ఉంటాయి, ఫిబ్రవరి 1 అంటే 032. డ్యూటీ పుస్తకంలో మన టైము, యూటీసీ కలగాపులగం చేయకండి. మొత్తం యూటీసీలోనే రాయండి.

స్టేషన్ కనిపెట్టుకునే మనిషి మీద ఎంత శ్రద్ధ పెడితే అంత డేటా. గౌరిబిదనూరు, హిందూపురం, చిత్తూరు వైపు ఆ మనిషి తెలుగువాడో తెలుగు వచ్చినవాడో అయి ఉంటాడు. అతనికి ఇంగ్లీషు మాన్యువల్ ఇచ్చి ఏం లాభం? బయటి గది తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ కవర్లో తెలుగులో ఒక్క పేజీ అంటించండి: «నెలకు రెండుసార్లు సోలార్ పలక తుడవండి, పొద్దున్నే, నీళ్లతో. సబ్బు వద్దు. దిమ్మె గదిలోకి వెళ్లొద్దు, దాని తలుపు కూడా తీయొద్దు. రెండో లైటు ఆకుపచ్చగా లేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి. చీమలు, ఎలుకలు కనిపిస్తే మందు చల్లకముందు చెప్పండి.» తమిళ, కన్నడ ఊళ్లకు అదే పేజీ ఆ భాషల్లో. ఫోన్ చేసినప్పుడు «అన్నా, లైటు ఏ రంగులో ఉంది?» అని అడిగితే జవాబు వస్తుంది, «స్టేటస్ ఎలా ఉంది?» అంటే «బాగుంది సార్» అనే వస్తుంది. జీతం నెల నెలా ఆగకుండా అందేలా చూడడం కూడా సాంకేతిక పనే.

ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయి. తీగలన్నీ జీఐ గొట్టంలో వేసి రెండు చివరలా స్టీలు పీచు కుక్కండి. చీమలు కనెక్టర్లలో గూళ్లు పెడతాయి, వాడని సాకెట్లకు మూతలు పెట్టండి.

11. విడి భాగాలు, ఆఖరి స్విచ్

ఎనిమిది స్టేషన్లకు ఒక పూర్తి సెట్టు పరీక్షించి సిద్ధంగా ఉంచండి. జీపీఎస్ యాంటెన్నాలు, ఛార్జ్ కంట్రోలర్లు, సర్జ్ అరెస్టర్లు దీనికి రెండింతలు. పది దేశాల్లో స్టేషన్లుంటే కస్టమ్స్‌లో నెలల ఆలస్యం మామూలే, అందుకే ప్రతి ప్రాంతంలోనూ ఒక సెట్టు అక్కడే ఉంచడం నయం.

జంట నడక పూర్తయి, నిష్పత్తులు కుదిరి, పాత సెన్సర్ తీసేయాల్సిన రోజు వచ్చినప్పుడు, తీసేముందు దానికి చివరిసారి క్యాలిబ్రేషన్ సంకేతం (స్పందనను సరిచూసే తెలిసిన సంకేతం) ఇచ్చి రికార్డు చేయండి. రసమట్టం ఎటు ఒరిగిందో, ఉత్తరపు గీత ఎక్కడుందో ఫొటో తీయండి. ఆ తర్వాతే పవర్ ఆపండి. ఆపిన సమయాన్ని యూటీసీలో, సెకనుతో సహా, 00 ఎపోక్ ముగింపు తేదీగా రాయండి.